కొంగమ్మ డ్రాప్ షాట్

ప్రియమైన అత్తా,

నీ మోకాలు ఎలా ఉంది? నా ఉద్యోగం చిక్కులో పడింది. మేం బొమ్మలు గీస్తున్న ‘మబ్బులరాజ్యం’ సంగతి తెలుసుగా? వాన ఎవరివైపు కురవాలో రెండు పక్షిజాతులు షటిల్ ఆడి తేల్చుకుంటాయి. కార్టూన్‌లో ఆ ఆట రాగానే పిల్లలు లేచి వెళ్లిపోతున్నారట. వీడియో గేమ్‌లోనూ దాటేసి ముందుకెళ్తున్నారు. షటిల్ తీసేసి కత్తియుద్ధం పెడదామంటున్నాడు మా డైరెక్టరు. షటిల్ కోసం పట్టుబట్టింది నేనే. నీ కోర్టు పక్కన కూర్చుని పెరిగినదాన్ని మరి! ఒక ఎపిసోడ్ పంపుతున్నాను, మొహమాటపడకుండా చెప్పు. వీలైతే వచ్చి ఆడి చూపించు. ఒంటికి సెన్సర్లు కట్టి నీ కదలికలే బొమ్మకు ఇస్తాం.

నీ మేనకోడలు

నా బంగారు పిచ్చుకా,

మూడుసార్లు చూశాను, మూడుసార్లూ చిరాకేసింది. మీ డేగ షటిల్ కొట్టాక ఫోటో దిగుతున్నట్టు అక్కడే నిలబడుతుందేమే? కొట్టడం సగం ఆటే. కొట్టగానే కోర్టు మధ్యకు వెనక్కి వేసే రెండడుగుల్లో మిగతా సగం ఉంది. పైగా అన్నీ బలంగా బాదే స్మాష్‌లే. డ్రాప్ షాట్‌తో నెట్ మీంచి మెల్లగా జారవిడిచేవాళ్లు ఒక్కరూ లేరా?

రావడం మాత్రం కుదరదు. మోకాలు దెబ్బతిన్న ఈ తొమ్మిదేళ్లూ గీత బయట నిలబడి పిల్లల మీద అరవడమే తప్ప రాకెట్ పట్టలేదు. నలుగురి ముందూ కుంటుతూ ఆడలేను. అడుగులు కాగితం మీద గీసి పంపుతున్నాను, సరిపెట్టుకో.

కోపంతో కాదు, ప్రేమతోనే,
అత్త

ప్రియాతిప్రియమైన అత్తా,

“నా గీతలు చూసి నువ్వేం గీస్తావోనని భయమేసి వచ్చానే” అంటూ రాకెట్‌తో స్టూడియో గుమ్మంలో నిలబడ్డావు చూడు, నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

నువ్వు సెన్సర్లు కట్టుకుని ఆడి చూపించి వెళ్లాక పెద్ద వాదనే జరిగింది. బొమ్మలో ఆ కుంటుడు సరిచేసేద్దాం అన్నారు మావాళ్లు. “ఈవిడ పరిగెత్తలేదు కాబట్టే ఎదుటివాళ్లను పరిగెత్తిస్తోంది. అది తీసేస్తే ఇంక ఆటేముంది?” అన్నాను. డైరెక్టరు నీ ఆట మళ్లీ వేయించుకుని చూశాడు. “కుంటుడు ఉంచండి, కత్తులు తీసేయండి” అన్నాడు చివరికి.

అలా పుట్టింది మా ముసలి కొంగమ్మ. విడుదలై వారమైంది. గేమ్‌లో ఇప్పుడు ఎవరూ ఆట దాటేయడం లేదు. ఈ కొంగను ఓడించేదాకా అన్నం తిననని ఒక పాప కూర్చుందట. వాళ్లమ్మ మాకు ఉత్తరం రాసింది.

ఉద్యోగమూ పరువూ రెండూ దక్కిన
నీ పిచ్చుక

పిచ్చుకా, నా తల్లీ,

ఆ పాపను ముందు అన్నం తినమను. ఇక్కడ సంగతి విను. ముప్పై ఏళ్ల కిందట ప్రతి పోటీలోనూ నన్ను ఓడించిన ఒకావిడ ఉంది. ఇప్పుడు పళ్ల డాక్టరు. మనవరాలి పక్కన కూర్చుని మీ కార్టూన్ చూసిందట. ఫోన్ చేసి, “ఆ కొంగ నువ్వే కదూ?” అంది. కాదని బుకాయించాను. “నెట్ దగ్గర ఆ మణికట్టు తిప్పుడు ఇంకెవరిదే? దానితో నేను పడ్డ పాట్లు నాకు తెలీవా?” అంది. అన్నిసార్లు గెలిచిన మనిషి ఆ మాట అనేసరికి, మా కోర్టుకు ఆటకు రమ్మని పిలిచేశాను.

ఆదివారం ఇద్దరం జట్టుకట్టి నా దగ్గర నేర్చుకునే పిల్లలతోనే ఆడాం. తనకు భుజం లేవదు, నాకు కాలు సాగదు. ఇద్దరం కలిస్తే సరిగ్గా ఒక మనిషి. ఇరవై ఒకటికి తొమ్మిదితో ఓడిపోయి, కోర్టులోనే కూలబడి పగలబడి నవ్వాం. పిల్లలు కంగారుపడి లేపడానికి పరిగెత్తుకొచ్చారు. కాసేపు ఆగండర్రా, ఇంకా నవ్వడం అవలేదు అన్నాను.

మోకాలికి ఐసు పెట్టుకుని రాస్తున్న
మీ అత్త