పరామర్శకు పెట్టిన అలారం

ఆదివారం, రాత్రి

ప్లానర్ రాయడం మెల్లగా అలవాటవుతోందని మొన్నటిదాకా నాకు గర్వంగా ఉండేది. స్నేహితుడు ఓబులేసు వాళ్లమ్మ పోయిందని బుధవారమే తెలిసింది. చావు కబురు విన్న పూటే బయలుదేరాలి. నేను మాత్రం ఖాళీగా ఉన్న ఆదివారం గడిలో ‘తొండూరు, పరామర్శ’ అని రాసుకుని, ఫోన్లో అదే పేరుతో అలారం పెట్టుకున్నాను.

ఈరోజు అలారం టైముకన్నా కాస్త ముందే వాడి ఊరు చేరాను. వాడి పక్కన కూర్చుని ఉండగా అది మోగింది. జేబులోంచి తీసి ఆపేలోపు వాడు ఆ అక్షరాలు చదివేశాడు.

“మట్టి వేసేటప్పుడు నీకోసం శానాసేపు చూసినామప్పా. పనులుంటాయిలే,” అన్నాడు.

చదువుకునే రోజుల్లో ఆమె చేతి సంగటి తిన్నవాణ్ని.

ఇంటికొచ్చి ప్లానర్ తెరిచాను. చెయ్యి దానంతటదే ఆ గడిలో టిక్కు పెట్టేసింది.