టార్పాలిన్ కింద తిన్న పండు

రెడ్డిగూడెం,
12-7-1984.

చెల్లీ జోజమ్మా,

మీరంతా ప్రభువు చల్లని నీడలో ఉన్నారని తలుస్తాను. కంటి ఆపరేషన్‌కని మీ బావ ఆదివారం మీ ఇంటికి వస్తున్నారు. ఇరవై ఏళ్లు మామిడికాయల లారీలతో నాగపూర్ తిరిగిన మనిషి. ఆ అలవాట్లు ఇంకా పోలేదు. చెప్పులు తలగడ కింద పెట్టుకునే పడుకుంటారు, ఏమీ అనుకోకు. సంచిలో బట్టలు తీసి సర్దావంటే కోప్పడతారు. పరుపు కింద కాస్త వరిగడ్డి లేకపోతే నిద్ర పట్టదు. హైదరాబాదులో నువ్వెక్కడ వెతుకుతావని నేనే మూటగట్టి పంపుతున్నాను.

కాఫీ తాగాక ఒక కబురు చెబుతారు. ఆదిలాబాద్ అడవిలో వాన పట్టుకుంటే లారీ ఆపి, తనూ నేనూ టార్పాలిన్ కింద గంపల మధ్య కూర్చుని, దారిలోనే ముగ్గిన ఒక్క రసం పండు పంచుకు తిన్నామని. నేను బెజవాడ దాటి ఎరగనని నీకు తెలుసు. ఏటా నేనూ వస్తానంటే, "లారీలో ఆడాళ్లకి కష్టమే" అనేవారు.

నువ్వు మాత్రం కాదనకు. "కావాలంటే మీ అక్కనడుగు" అంటారు. అడిగానని చెప్పు. టెంక దగ్గర కాస్త పులుపు తగిలిందని అక్క రాసిందని చెప్పు.

మీ అక్క