వదులవుతున్న బల్ల

సముద్రం మీదున్న శ్రీవారికి, గున్వోర్ నమస్కారాలు. ఎస్కిల్‌స్టూనాలో అందరం క్షేమం, ఒక్క మన వర్క్‌షాపులో గాడి కోసే మిల్లింగ్ మెషీన్ తప్ప. మీ ఓడా, మీరూ క్షేమమని తలుస్తాను.

వంటింటి పొగగొట్టం బాగుచేయించావా అని అడిగారు. చేయించాను. మీ నాన్నగారికి దగ్గు తగ్గింది, కోపం మాత్రం తగ్గలేదు. మీరు మన వర్క్‌షాపులో పనికి పెట్టిన మీ స్నేహితుడు రూనె ఎలా చేస్తున్నాడని కూడా అడిగారు. అక్కడే ఉంది అసలు కథ.

తాళాల కంపెనీకి మనం చేసిచ్చిన గడియలు తిరిగొచ్చాయి. గాడి వంకరట. ఇంకోసారి ఇలా అయితే పని వేరేవాళ్ళకిస్తామన్నారు. చూద్దును కదా, మెషీన్‌లో ఇనుప ముక్క బిగించే బల్ల చేత్తో నెడితేనే ఊగుతోంది! బల్ల జారే దారిలో ఇనుప పట్టీ ఉంటుంది చూడండి, దాన్ని నొక్కిపట్టే మరమేకు ఎవరో వదులు చేశారు. మీరు నేర్పినట్టే బిగించాను. మర్నాటికి మళ్ళీ వదులు.

నా అనుమానం రూనె మీదికే పోయింది. నది అవతల మనకు పోటీగా ఉన్న వర్క్‌షాపులోంచి వాడు బయటికి రావడం కళ్ళారా చూశాను.

"ఏం రూనె, అక్కడ కాఫీ బాగుంటుందా?" అన్నాను.

"మా బావ అక్కడే కదా వదినా పనిచేసేది! అయినా ఆ మెషీన్ నేను ముట్టుకోలేదు."

నేను మెషీన్ ఊసే ఎత్తలేదు! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? రోజూ ఆ మెషీన్ నడిపే మామయ్యనడిగితే, "పాత మెషీన్, వదులవుతుంది. ఊరికే మనుషుల్ని అనకు" అని కసిరారు.

ఇవాళ పొద్దున ఇంకో గడియ పాడైంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "సోమవారం నుంచి రావద్దు" అనేశాను. అవును, మీ స్నేహితుణ్ణే. ఈ మాట రాయడానికే ఇంతసేపూ నసిగాను.

వాడు తల ఊపి మళ్ళీ పనిలో పడ్డాడు. పోతూ పోతూ మళ్ళీ మర వదులు చేస్తాడేమోనని, అందరూ కాఫీకి వెళ్ళాక కడ్డీల గదిలో కాపు కాశాను. వచ్చింది మామయ్య. స్క్రూడ్రైవర్ రెండు చేతులా పట్టుకుని మర వదులు చేశారు. బల్లను జరిపే హ్యాండిల్ తిప్పి చూసి, ఇంకాస్త వదులు చేశారు.

"మామయ్యా! ఏమిటిది?"

ఉలిక్కిపడ్డారు. "బిగిస్తే నాకు తిరగట్లేదమ్మా. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఈ పనికి కూడా పనికిరాకపోతే ఇంక నేనెందుకు?"

ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. "మరి రూనె నోట్లో నేను మట్టి కొడుతుంటే చూస్తూ ఊరుకున్నారా?"

కాఫీ గదిలో రూనె పనిబట్టలు మూటకడుతున్నాడు. మామయ్య వెళ్ళి స్క్రూడ్రైవర్ వాడి చేతిలో పెట్టారు. "నువ్వు బిగించరా. నా వల్ల కావట్లేదు" అన్నారు, అందరూ వినేలా. నేనూ వాడి చెయ్యి పట్టుకుని తప్పయిందన్నాను.

రూనె మర బిగించి, "సరిపోయిందేమో చూడండి పెద్దాయనా" అని పక్కకు జరిగాడు. మామయ్య హ్యాండిల్ ముట్టుకోలేదు.

ఓడ రేవు చేరగానే ఉత్తరం రాయండి. నాకు కాదు, ఆయనకు.

ఇట్లు,
ఇంకెవర్నీ అనుమానించే ఓపిక లేని
మీ ఇల్లాలు గున్వోర్