రేకు మీద సుత్తి చప్పుడు

మంగళవారం రాత్రి, శాలిబండ

జలుబు చేసిందని మంజుల తన ఎనిమిది నెలల బాబును ఈరోజు నా క్లినిక్‌కు తీసుకొచ్చింది. వెంట భర్త శ్రీను. మా పక్క గల్లీలోనే రేకు పెట్టెలు చేస్తాడు. కాపురం ఆ దుకాణం వెనకాలే.

"సుత్తి సప్పుడు ఎంతున్నా నిద్ర లేవడు మేడం. బంగారం అసొంటోడు," అని మంజుల మురిసిపోయింది.

ఆ మాటకు నాకు అనుమానం వచ్చింది. బాబు వెనక నిలబడి గంట మోగించాను. తిరగలేదు. స్టీలు ప్లేటు కింద పడేశాను. శ్రీను ఉలిక్కిపడ్డాడు. బాబు మాత్రం తల్లి గాజులతో ఆడుకుంటూనే ఉన్నాడు.

పిల్లల ఆసుపత్రిలో చెవుల క్లినిక్‌కు చీటీ రాసిచ్చాను. "అక్కడ పరీక్ష చేస్తేగాని ఏదీ తేలదు. ఆలస్యమైతే మాటలు రావడం కష్టం. ఈ వారమే వెళ్లండి," అన్నాను.

"నా పనికి అలవాటైండనుకున్న మేడం," అన్నాడు శ్రీను.

మంజులకు కోపం వచ్చింది. "జలుబుకు మందియ్యుండ్రి, సాలు. మా పిలగానికి ఏం కాలే," అని బాబును భుజాన వేసుకుని బయటికి నడిచింది. చీటీ శ్రీను చేతిలోనే ఉండిపోయింది. వెళ్తారో, లేదో. ఇంకాస్త మెల్లగా చెప్పాల్సిందేమో. మెల్లగా చెబితే అసలే వెళ్లరు...

ఇందాక ఇంటికి వస్తుంటే శ్రీను దుకాణం షట్టరు సగం దించి ఉంది. లోపల రేకు మీద ఒక్క దెబ్బ. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒక్క దెబ్బ. పెట్టె చేసే దెబ్బలు అలా ఉండవు.

అప్పుడు మంజుల గొంతు వినిపించింది.

"ఇంకా గట్టిగ కొట్టు."