చింతపండుతో తోమిన వెండి రూపాయలు

బెంగళూరు, సోమవారం

ప్రమీలకు, నేను క్షేమమే. ఫోను చేస్తే కోడలు స్పీకరులో పెడుతుంది. కార్డయితే పోస్టుమ్యాన్ ఒక్కడే చదువుతాడు.

నీ మోకాలి ఆపరేషన్‌కు దాచిన డెబ్బై వేలు నీకు చెప్పకుండా తెచ్చాను. పాత నాణేలకు గ్రేడు వేయించి సీలు చేయిస్తే పదింతలు పలుకుతాయని విన్నాను. దానికి ఫీజు విడిగా ఒక్కో నాణేనికి పన్నెండు వందలు, వంద ఒకేసారి ఇస్తే ఏడు వందలే. అందుకే తాత దాచిన తొంభైకి దేవుని గూట్లోని పది కలిపాను.

ఇక్కడ నాణేలు చూసేవాడు మన పత్తికొండవాడే. భూతద్దం పెట్టి, "పెద్దాయనా, వీటిని తోమినారా?" అన్నాడు.

"దీపావళికి లక్ష్మీదేవి ముందర మురికి రూపాయలు పెడ్తామా అప్పా? నలభై ఏండ్లుగా అన్నీ చింతపండుతో తోమిస్తాండా."

"తోమినదానికి గ్రేడు రాదు. కడిగిందని రాసిస్తాం. ఫీజు మాత్రం అంతే."

నాణేలు మళ్లీ మూటగట్టాను. డబ్బు ఇంకా కట్టలేదు, నడుముకే ఉంది. డాక్టరు ఇచ్చిన తేదీ మార్చవద్దు. శనగలు ఎండకు పోశారా? మనవడు శివానికి ఆశీస్సులు.

శనివారం బస్సెక్కుతాను. కార్డు ముందే చేరితే సగం తిట్లు అయిపోతాయి. మిగతా సగానికి నేను తగినవాణ్ణే: మెరుపు చాలలేదని ఏటా నిన్ను మళ్లీ నేలమీద కూర్చోబెట్టి తోమించింది నేనే. ఆ మోకాళ్ల డబ్బు ఆ మోకాళ్లకే.

పెద్దసుబ్బయ్య