జ్వరం తగ్గగానే ఆపేసిన మాత్రలు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ కూతురు సుజాతకీ ఈమధ్య అదే టైఫాయిడ్ వచ్చింది. జ్వరం కాస్త తగ్గగానే, నీకు ఆపేసినట్టే మీ అత్త దానికీ మాత్రలు ఆపేసింది. అవి వేడి చేస్తాయంట. జ్వరం మళ్లీ తిరగబెట్టింది.

కబురందగానే వెళ్లి పిల్లని నరసరావుపేట ఆస్పత్రిలో చూపించా. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మింగిన మందు ఒంట్లో నిలవుండదంట. లివరు దాన్ని విరిచేస్తే కొన్ని గంటల్లోనే మూత్రంలో పోతుందంట. అది పూర్తిగా పోకముందే ఇంకో మాత్ర పడుతూ ఉంటేనే రక్తంలో మందు చాలినంత ఉంటుందంట. మధ్యలో ఆపితే, చావకుండా మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయంట.

ఇంత చిన్న సంగతి నీకెవరూ చెప్పలా. అది తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

పిల్లని గురజాలలో మా ఇంటికే తెచ్చుకున్నా. నిన్న మీ అత్త వచ్చింది.

"జ్వరం లేదుగా, ఇంకా ఏంది ఆ మాత్రలు? పిల్ల ఒళ్లు ఉడికిపోద్ది" అంది.

"నీ మాట వినే మా అక్క పోయింది. డాక్టరమ్మ చాలన్నదాకా ఇది ఇక్కడే ఉంటది" అన్నా.

"అది నా మనవరాలు."

"అయితే కూర్చో అత్తా. ఈ పూట మాత్ర నువ్వే మింగించు."

ఆమె నీళ్లగ్లాసు అందుకుని సుజాత పక్కన కూర్చుంది. మాత్ర పిల్ల నోట్లో వేసి, కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు మాత్రం జాలి కలగలా అక్కా.

నీ చెల్లెలు,
రమణ