శనివారం దువ్వెన వరస

మార్కాపురం, శనివారం రాత్రి.

నోటితో చెప్పలేకపోయాను కాబట్టి ఈ వయసులో కలం పట్టుకున్నాను.

మా మిషను బోర్డింగు స్కూలు జూబిలీ పుస్తకం సోమవారం అచ్చుకు పోతుందట. సాయంత్రం రూతు టీచరు, ఇప్పుడు స్కూలు నడిపే దొరసానిగారి ముందే నాకు చదివి వినిపించింది. శనివారాలు పిల్లలు మెట్ల మీద వరసగా కూర్చుని, వెనకున్న పిల్ల ముందున్న పిల్ల తల దువ్వే ఆచారం ఉంది కదా. దాన్ని మొదటి దొరసాని ప్రేమ నేర్పడానికి పెట్టిందని రాశారు.

ప్రేమ కాదు, పేలు! పెట్టింది మా అమ్మ, అప్పట్లో ఇక్కడి వంటమనిషి. పై గూడెం పిల్లలు కింద గూడెం పిల్లల తల ముట్టమంటూ మొండికేస్తే గరిటెతోనే వచ్చి అరిచింది: "పేను ఏ గూడెమని అడిగి ఎక్కిందా మీ నెత్తికి? ఏంది ఈ పట్టింపు, కూసోండే!" ఒక గూడెం పిల్ల వెనక ఇంకో గూడెం పిల్లను కూర్చోబెట్టింది. ఆ వరసలో నేనూ ఉన్నాను.

"నువ్వు ఈడనే చదువుకున్నావు గదా అక్కా, తప్పులుంటే చెప్పు" అన్నది రూతు.

"బాగా రాసినారు తల్లీ" అన్నాను.

ఏం నోరు నాది! ప్రార్థనలో తప్ప గట్టిగా పలకదు. పుస్తకంలో అమ్మ పేరు ఒక్కచోటా లేదు. నేను ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఉండదు.

రేపు ఆరాధన అయ్యాక దొరసానిగారితో చెప్పాలి. ధైర్యమివ్వమని ప్రభువును కూడా కోపంగానే అడిగాను. చెబుతానో, మళ్లీ తలే ఊపుతానో...

ఆమె పేరు సంతోషమ్మ. ఇక్కడైనా రాశాను. ఈ కాగితం ఆమె పేల దువ్వెనతో పాటు పెట్టెలో ఉండనీ. ఎవరికీ చూపను, పారేయను కూడా.